వసతి పాఠశాలలు, గ్రేడులు, తల్లుల కర్తవ్యము

బిడ్డ ఉదయమున బడికి పోయి సాయంకాలమునకు ఇల్లు చేరుచున్నంతకాలము, ఆ బిడ్డ చదువు ఎట్లు సాగుచున్నదో తల్లికి ఏదో యొక విధముగ తెలియుచునే యుండును. చదువురాని తల్లికిని తెలియును. పుస్తకముల సంచి మూలబెట్టి యాటకు పరుగెత్తినదో, దీపము ముందు కూర్చుండి తనలో తాను వల్లించుకొన్నదో, అన్నము తినునప్పుడు బడి ముచ్చటలు చెప్పినదో, ముఖము ముడుచుకొని మౌనముగ నున్నదో, అంతయు ఆమె కన్ను కనిపెట్టును. బిడ్డను వసతి పాఠశాలకు పంపిన తల్లికి ఈ యాధారము లేదు. ఎన్నడో చేతికి వచ్చు ప్రగతి పత్రమొక్కటే ఆమెకు సాక్షి. ఆ సాక్షి పలుకు భాష ఆమెకు తెలియకున్న నేమగును? మేమీ వ్యాసమున విచారింప దలచినది ఇదియే.

మేముండు ఏటూరునాగారము గోదావరి యొడ్డున, అడవి నడుమ నున్న యూరు. చిరకాలము వరంగల్లు జిల్లాలోనిదై, 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనికిని, 2019లో ములుగు జిల్లాలోనికిని వచ్చినది. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థకు ఇది కార్యస్థానము. చుట్టుపట్ల కోయవారు, నాయకపోడులు, లంబాడీలు నివసించు గూడెములు, తండాలు అనేకము గలవు. ఆశ్రమ పాఠశాలలు, గురుకులములు, కేంద్ర ప్రభుత్వపు ఏకలవ్య పాఠశాల ఈ బిడ్డలకొరకు ఏర్పడినవే. మా యింటివారు ఉపాధ్యాయులగుటచే మా యింట వంటకబురు కంటె మార్కుల కబురే యెక్కువ. పత్రము చదివించుకొనుటకు మా వాకిటికి వచ్చు తల్లులును కొందరు గలరు. వారి సందేహములే మా చేత నీ నాలుగు మాటలు వ్రాయించుచున్నవి.

వసతి పాఠశాల మన ప్రాంతమునకు కొత్తది కాదు. శ్రీ పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నున్న 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల వెలసినది. పల్లెలోని పేదబిడ్డకు చదువు, భోజనము, వసతి యొక్కచోటనే కల్పించి, పట్టణపు బిడ్డతో సమానముగ నిలుపవలెనను సంకల్పముతో ఆ విద్యాలయము పుట్టినది. 1997-98లో గిరిజన బాలబాలికలకై ఏకలవ్య పాఠశాలల పథకమును, 2004లో చదువు మానిన బాలికలకై కస్తూర్బా విద్యాలయములును వచ్చినవి. ఏకలవ్య పాఠశాలలో ఆరవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వరకు 480 మంది బిడ్డలు చదువుటకు ఏర్పాటు. అందు సగము సీట్లు బాలికలవి. ఇన్ని ద్వారములు తెరచి యుండగా బిడ్డను పంపుమని తల్లులకు చెప్పనక్కరలేదు. పంపిన పిమ్మట ఏమి చూడవలెనో చెప్పుకొనుట యవసరము.

మన తండ్రులనాటి లెక్క తేలిక. నూటికి 60 వచ్చిన మొదటి తరగతి, 50 వచ్చిన రెండవది, 35 వచ్చిన మూడవది. 2012 నుండి పదవ తరగతి ఫలితములను గ్రేడులలో నిచ్చుట మొదలైనది. 91 నుండి 100 వరకు ఏ1, దానికి 10 పాయింట్లు. 81 నుండి 90 వరకు ఏ2, 9 పాయింట్లు. 71 మొదలు బి1, 61 మొదలు బి2, 51 మొదలు సి1, 41 మొదలు సి2. 35 నుండి 40 వరకు డి. దానికి 4 పాయింట్లు. ద్వితీయ భాషయందు మాత్రము 20 మార్కులు వచ్చినను ఉత్తీర్ణతయే. ఈ పాయింట్ల సగటునే బిడ్డ ఫలితముగ చెప్పెడివారు. 2025లో తెలంగాణమున ఆ సగటు తొలగి, పత్రముపై మార్కులు మరల కన్పట్టినవి.

ఈ యక్షరముల వలన కలిగిన భ్రమలు నవ్వు పుట్టించునవియు గలవు, కన్నీరు తెప్పించునవియు గలవు. ఒక వృద్ధుడు మనుమరాలికి లెక్కలలో 'డి' వచ్చినదని బెల్లము పంచినాడు. తన కాలమున విన్న డిస్టింక్షను ఇదియే యనుకొన్నాడు పాపము! కొన్ని సంవత్సరముల క్రిందట మరియొక గూడెమునుండి ఒక తల్లి కూతురి పత్రము కొంగున ముడివేసికొని వచ్చినది. అందు నాలుగు విషయములలో 'సి' యున్నది. మూడవ యక్షరము గనుక మూడవ తరగతియే యని తండ్రి నిశ్చయించినాడు. చదువు మాన్పించి పెండ్లి సంబంధము చూతమన్నాడు. మేము పత్రము విప్పి చూడగా, ఆ నాలుగింట మూడు సి1. అనగా అర్ధమునకు మించి మార్కులు వచ్చినవి. పాతలెక్కలో రెండవ తరగతి. ఆరవ తరగతిలో చేరునాటికి ఆ పిల్ల తెలుగు వాక్యము తడబడక చదువలేకుండెనని తల్లియే చెప్పినది. ఐదేండ్లలో అచటనుండి ఇచటికి వచ్చిన బిడ్డ అది! తండ్రిని పిలిపించి మా యింటివారు లెక్క విప్పి చెప్పిరి. సంబంధము మాట ఆగినది. పిల్ల ఇంటర్మీడియెట్టులో చేరినది. ఒక్క యక్షరము చదువురాకపోవుటచే ఒక బాలిక బ్రతుకు త్రోవ మారిపోవుచుండెనన్న సంగతి మేమెన్నటికి మరువజాలము.

కేంద్ర బోర్డువారి పద్ధతి వేరు. వారి ఏ, బి, సి, డి అక్షరములను చూచి రాష్ట్రపు లెక్కయే యనుకొనరాదు. వారు ఒక విషయమున ఉత్తీర్ణులైన వారినందరిని మార్కుల వరుసను నిలిపి, ఎనిమిది సమభాగములు చేయుదురు. మొదటి యెనిమిదవ వంతువారికి ఏ1, రెండవ వంతునకు ఏ2, ఇట్లు చివరి వంతునకు డి2. కావున ఒకే సంఖ్యగల మార్కులకు ఒక విషయమున ఒక గ్రేడు, మరియొక విషయమున వేరొక గ్రేడు రావచ్చును. మీ బిడ్డ గ్రేడు మీ బిడ్డ వ్రాసినదానిని బట్టి మాత్రమే నిర్ణయము కాదు. దేశమంతట తక్కినవారు వ్రాసినదానిని బట్టియు నుండును. ఢిల్లీలో ఇంగ్లీషు పత్రికల నడుమ పెరిగిన బిడ్డయు, గూడెమునుండి వచ్చి ఆరవ తరగతిలో ఇంగ్లీషు మాధ్యమము మొదలుపెట్టిన బిడ్డయు ఆ వరుసలో నొక్కచోటనే నిలువవలెను.

భారతము చదివిన సోదరీమణులకు ఇచట ఒక కథ తోచక మానదు. ఈ పాఠశాలలకు పెట్టిన పేరే ఆ కథానాయకునిది. నిషాదరాజగు హిరణ్యధన్వుని కుమారుడు ఏకలవ్యుడు విలువిద్య నేర్పుమని ద్రోణుని చేరగా, ఆచార్యుడు శిష్యునిగా గైకొనలేదు. ఆ బాలుడు అడవిలో మంటితో గురువుప్రతిమ చేసికొని తనంత తాను సాధన చేసి, అర్జునునకే యచ్చెరువు గొలుపునంతటి నేర్పు గడించినాడు. పిమ్మట ఏమైనదో మనకు తెలిసినదే. నీ కంటె మిన్నయైన శిష్యుడుండడని అర్జునునకిచ్చిన మాట నిలుపుకొనుటకై ద్రోణుడు కుడిచేతి బొటనవ్రేలిని గురుదక్షిణగా గోరెను. ఒకని ప్రథమస్థానము నిలుచుటకు మరియొకని వ్రేలు తెగవలసి వచ్చినది. ఏకలవ్యుని నేర్పులో లోపమేమియు లేదు. వరుసలో మొదట ఒక్కరే నిలువవలెనను నియమమే ఆ లోపము.

సంస్కృత భారతమున ద్రోణుని గూర్చి మరియొక ముచ్చట గలదు. నీరు తెచ్చుటకు శిష్యులకెల్ల సన్నని మూతిగల కమండలువులనిచ్చి, కుమారుడగు అశ్వత్థామకు వెడల్పు మూతి కుండ నిచ్చెడివాడట. కుమారుడు ముందుగ తిరిగి వచ్చును. తక్కినవారు చేరులోపల ఆతనికి అధికముగ నొక పాఠము చెప్పవచ్చును. అర్జునుడు దీనిని కనిపెట్టి, వారుణాస్త్రముతో తన పాత్ర నింపుకొని అశ్వత్థామతో సమానముగ రాసాగెను. మన బిడ్డలు పాఠశాలకు తెచ్చుకొను పాత్రలును ఇట్టివే. ఇంట పుస్తకము, చదివిన తల్లిదండ్రులు, పాఠ్యభాషయే మాతృభాష యగుట, ఇవి వెడల్పు మూతి కుండలు. ఇంట కోయభాష, బడిలో తెలుగు, పుస్తకమున ఇంగ్లీషు, ఇది సన్నని మూతి కమండలువు. నీరు అంతే యుండును. నిండుటకు పట్టు కాలము వేరు. పరీక్షాపత్రము పాత్ర నిండెనా లేదా యని చూచును గాని మూతి యెంత సన్ననిదో చూడదు.

ఈ విషయమును పెద్దలు పూర్వమే గుర్తించిరి. నిజాము ప్రభుత్వకాలమున 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో, మానవశాస్త్రవేత్త హైమెండార్ఫుగారి ప్రోత్సాహమున గోండు ఉపాధ్యాయులను తయారుచేయు శిక్షణ కేంద్రము స్థాపింపబడినది. గోండుబిడ్డలకు మొదటి పాఠము గోండీలోనే చెప్పింపవలెనని వాచకములును తయారు చేయించిరి. తెలిసిన భాషనుండి తెలియని భాషకు నడిపించుట వారి యుద్దేశము. ఏ ఉపాధ్యాయుడైనను కోయబిడ్డకు తరగతిలో మొదటినెల నాలుగు మాటలు కోయలో పలుకరించినచో, ఆ బిడ్డ ముఖము విప్పారుట మనము కన్నులార చూడవచ్చును.

గ్రేడులు ఇచ్చువారు ఈ తారతమ్యమును తలచిన సందర్భమును ఒకటి గలదు. బాసరలోని రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమున ప్రవేశములు పదవ తరగతి గ్రేడు పాయింట్లను బట్టి జరిగిన కాలమున, వసతి లేని ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారి సగటునకు 0.4 కలుపుచుండిరి. ఇంటి పనులు, నడక, దీపము కరవు మున్నగు కష్టములకు అది యొక పరిహారము. వసతి పాఠశాల బిడ్డలకు ఆ కలుపు లేదు. దీని భావమేమి? భోజనము, పుస్తకము, చదువుగంట, గురువు చెంతనే యున్నందున ఆ లోటు తీరినదని విశ్వవిద్యాలయము భావించుచున్నదన్నమాట. అట్లు తీరినదా యని అడుగు హక్కు తల్లికి గలదు. బిడ్డను తల్లియొడినుండి తీసికొన్న విద్యాలయము ఆ లెక్క చెప్పవలసియున్నది.

ఇక చదువు విషయమున పాఠశాల బిడ్డనుండి కోరునది. తెల్లవారుజామున లేచుట మొదలు రాత్రి చదువుగంట ముగియువరకు వసతి పాఠశాల దినచర్య గంట మ్రోతలతో నడచును. క్రమశిక్షణ మేలే. అయితే పరీక్షలు దగ్గరపడగనే కొన్నిచోట్ల బిడ్డలను మార్కుల ప్రకారము జట్లుగా విడదీసి, వెనుకబడిన జట్టును అర్ధరాత్రి వరకు వల్లెవేయించు వాడుక గలదు. వెనుకబడినవారికి వేరుగ బోధించుట ధర్మమే. కాని నిద్రలేని బాలిక వల్లించినది తెల్లవారువరకు నిలువదు. జట్టుపేరు బిడ్డపేరుగా మారి, "సి జట్టు పిల్ల" యని తోటివారు పిలుచుట మరింత హాని. ఆ జట్టులో చేరిన బిడ్డ పైజట్టునకు పోవు మార్గమేది, ఎన్ని దినములకొకసారి మార్చుచున్నారని తల్లి యడుగవలెను. మార్పులేని జట్టు బోధన కాదు, ముద్ర.

తరగతిలో ఏడాది పొడవునను ఇచ్చు మార్కులను గూర్చియు తెలిసికొనవలెను. 2014-15లో రాష్ట్రమున వచ్చిన పద్ధతిలో నూటికి 80 మార్కులు వ్రాత పరీక్షకు, 20 మార్కులు పాఠశాలలో జరుగు మదింపునకు నేర్పరచిరి. ఆ 20ని నాలుగుగా పంచి, తరగతిలో పాల్గొనుటకు 5, వ్రాతపనికి 5, ప్రాజెక్టునకు 5, లఘుపరీక్షకు 5 ఇచ్చెడివారు. కేంద్ర బోర్డునందును 80, 20 విభాగమే. హాజరు నూటికి 75 ఉండవలెను. తరగతిలో చేయియెత్తి ప్రశ్న యడిగిన బిడ్డకు, నోటుపుస్తకము శుభ్రముగ వ్రాసిన బిడ్డకు గుర్తింపు దొరకవలెనని ఈ యేర్పాటు. సిగ్గరియైన గూడెపు బాలిక నోరు విప్పుట నేర్చినదా లేదా యని ఇచటనే తెలియును. కాని అందరికి అన్ని మార్కులును వేసివేయు చోట ఈ గుర్తింపు వ్యర్థమగును. అట్టి 20కి 20 చూచి సంతసింపక, "మా అమ్మాయి చేసిన ప్రాజెక్టేది?" అని యడిగి చూచుట మంచిది.

మన ప్రాంతపు కాలగతియు పరీక్షల కాలగతియు పొత్తు కుదరవు. రెండేండ్లకొకసారి మాఘమాసమున మేడారమున సమ్మక్క సారలమ్మల జాతర. 2024లో జాతర ఫిబ్రవరి 21 నుండి 24 వరకు జరుగగా, కేంద్ర బోర్డు పదవ తరగతి పరీక్షలు ఫిబ్రవరి 15 నుండి మార్చి 13 వరకు నడచినవి. రాష్ట్రపు పరీక్షలు మార్చి 18న మొదలైనవి. బిడ్డ మ్రొక్కు తీర్చుకొనునా, పుస్తకము పట్టునా? పరీక్షలు ముగియు వేళకు ఇప్పపూవు రాలును. వేసవిలో తునికాకు కోత. చేతులు చాలని ఇంట ఆడపిల్ల సాయము విలువగలది. వానాకాలమున వాగులు పొంగి త్రోవలు తెగును. 2023 జూలైలో జంపన్నవాగు కొండాయి గ్రామమును ముంచిన దుఃఖము మాకింకను మానలేదు. దసరా సెలవులకో సంక్రాంతి సెలవులకో వచ్చిన బిడ్డ పది దినములు ఆలస్యముగ తిరిగి పోయిన, హాజరును పాఠమును రెండును వెనుకబడును. కావున సెలవు ముగియుటకు రెండు దినములు ముందే ప్రయాణము నిశ్చయించుకొనుట తల్లి చేయదగిన సాయము. త్రోవ తెగి రాలేకపోయిన బిడ్డకు తప్పిన పాఠము మరల చెప్పుట పాఠశాల చేయదగిన సాయము.

బహుమానములను గూర్చి ఒక మాట. వార్షికోత్సవమున ప్రథమురాలికి, ద్వితీయురాలికి బహుమతులిచ్చుట మర్యాద. అందు తప్పులేదు. అయితే ఏటేట ఆ ముగ్గురే వేదికయెక్కి, తక్కినవారు ఏటేట చప్పట్లు కొట్టుచు కూర్చున్న, ఆ చప్పట్లలో ఉత్సాహము ఎన్నినాళ్లుండును? కేంద్ర బోర్డువారు 2024లో ప్రథములు, ద్వితీయులు అను జాబితా ప్రకటింపమని చెప్పిరి. ఒక్కొక్క విషయమున అందరికంటె మిన్నయైన నూటికి 0.1 వంతువారికి మాత్రము యోగ్యతాపత్రములిచ్చుదురు. పాఠశాలలు మరియొక యడుగు వేయవచ్చును. జూన్ మాసమున 22 మార్కులు వచ్చి మార్చి నాటికి 48 తెచ్చుకొన్న బాలికకు ఒక బహుమతి యిచ్చి చూడుడు. ఆమె నడచిన 26 మెట్లు, 90 నుండి 94కు పోయిన నాలుగు మెట్లకంటె తక్కువవి కావు.

గ్రేడులకందని గౌరవమును గలదు. తాడ్వాయి పేరు మాకు పొరుగూరిది. అదే పేరుగల అప్పటి నిజామాబాదు జిల్లా తాడ్వాయిలోని సాంఘిక సంక్షేమ గురుకులమున చదివిన మాలావత్ పూర్ణ, 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరమెక్కినది. అప్పటికి ఆమెకు పదునాలుగేండ్లు నిండలేదు. ఆమెతో కూడ నడచిన ఆనంద్ కుమార్ అప్పటి ఖమ్మము జిల్లా గురుకుల విద్యార్థి. ఈ బిడ్డల శక్తిని ఏ పరీక్షాపత్రము ముందుగ పసిగట్టగలదు? ప్రతి బాలికయు శిఖరము లెక్కవలెనని మా భావము కాదు. ప్రతి బాలికలోను పరీక్షకు అందని దేదో యొకటి గలదని తలచి, దానిని వెదకు గురువు ఉండవలెనని మా కోరిక.

తప్పినచో నేమి చేయవలెను? రాష్ట్రపు పదవ తరగతిలో తప్పినవారికి కొలది కాలముననే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష గలదు. ఏడాది వ్యర్థము కానక్కరలేదు. కేంద్ర బోర్డువారు 2026 నుండి పదవ తరగతికి ఏటికి రెండు పరీక్షలు జరుపుదుమని 2025లో ప్రకటించిరి. 2024 డిసెంబరులో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారము కేంద్ర ప్రభుత్వ పాఠశాలలలో ఐదవ, ఎనిమిదవ తరగతులలో తప్పిన బిడ్డకు రెండు నెలలలో మరల పరీక్ష పెట్టవలెను. అందును తప్పినయెడల అదే తరగతిలో నిలుపవచ్చును గాని, బడినుండి పంపివేయరాదు. ఈ సంగతి ప్రతి తల్లికి తెలిసి యుండవలెను. ఎనిమిదవ తరగతిలో ఆగిన బాలుడు మరల చదువును. ఆగిన బాలికకు ఇంటివారు పెండ్లి యోచింతురు. చట్టము ఇరువురకు నొక్కటే యైనను, ఇల్లు ఇరువురకు నొక్కటి కాదు.

కావున సోదరీమణులారా! ప్రగతి పత్రము చేతికి వచ్చినప్పుడు గ్రేడు చూచి మడచి పెట్టకుడు. గడచిన పత్రమును ప్రక్కన బెట్టి చూడుడు. ఏ విషయమున పెరిగినది, ఏ విషయమున తగ్గినదని చదువనేర్చిన వారిచే చదివించుకొనుడు. ఆ గ్రేడు రాష్ట్రపు లెక్కయో, కేంద్రపు లెక్కయో యడుగుడు. పాఠశాలకు పోయినప్పుడు "మా పిల్ల ఎన్నవది?" అను ప్రశ్నకు ముందు "మా పిల్ల చేరిననాటికి నేటికి ఎంత నేర్చినది?" అని ప్రశ్నింపుడు. తోటిబిడ్డతో పోల్చి బిడ్డను నిందింపకుడు. చదువుకొన్న మనము మన వీథిలో చదువురాని తల్లులకు ఈ పత్రములు చదివిపెట్టుటకు నెలకొక పూట కేటాయించిన, అది యొక నోము పట్టినంత పుణ్యము. పసుపుకుంకుమలకు పిలిచినట్లే పత్రము చదువుటకును పిలువవచ్చును.

ఏకలవ్యునకు ఆనాడు గురువు మంటిబొమ్మయే. నేడు అతని పేరుగల పాఠశాలలో గురువులు సజీవులు. పుస్తకములు, దీపములు గలవు. ఆ బిడ్డల వ్రేళ్లు పదియు క్షేమముగ నుండి, ఆ వ్రేళ్లతో వారు వ్రాసినది ఎంత దూరమునుండి వచ్చి వ్రాసినదో గుర్తించు కన్ను గురువులకును, తల్లులకును గలుగుగాక!